నూనెగానుగ సందులో ఆరుద్ర

గంటలపేట నూనెగానుగ సందులో వీధి దీపం వినాయక నిమజ్జనం నాడు పోయింది. పందిరి వేసినవాళ్ళు ఆ స్తంభం నుంచే వైరు లాగి మైకుకీ, రంగు బల్బుల తోరణాలకీ, వినాయకుడి తల వెనక గిర్రున తిరిగే చక్రానికీ కరెంటు ఇచ్చారు. నవరాత్రులూ బల్బు ఓపిక పట్టింది. దేవుడు ట్రాక్టరెక్కి సందు మలుపు తిరగ్గానే ఎర్రబడి, కాసేపు మిణుకు మిణుకుమని, ఆరిపోయింది.

ఆ తర్వాత వారం తిరక్కుండా సుభాషిణి అత్తగారు మహలక్ష్మమ్మ కాలువలో పడింది.

సందు మొదట్లో వీళ్ళ ఇల్లు, చివర రత్నమాంబ ఇల్లు. మధ్యలో అడ్డంగా మురుగు కాలువ. దాని మీద పలక ఎప్పుడో విరిగిపోయింది. కొత్త పలక ఎవరు వెయ్యాలన్న సంగతి మునిసిపాలిటీకీ రోడ్ల శాఖకీ మధ్య కోర్టులో ఉంది. వెలుతురున్నన్నాళ్ళూ జనం చూసుకుని దాటేవారు. మహలక్ష్మమ్మ కూడా రోజూ దీపాలు పెట్టే వేళకు గవ్వల సంచీ నడుముకు దోపుకుని, కాలువ దాటి, రత్నమాంబతో అష్టాచెమ్మా ఆడటానికి వెళ్ళేది. సుభాషిణి కాపురానికి వచ్చేనాటికే ఇది ఆ సందులో స్థిరపడిన ఆచారం. రత్నమాంబ కాయల్ని చంపి వచ్చిన రోజు ఆవిడ అన్నం మారు వడ్డించుకునేది. తన కాయలు చచ్చిన రోజు కూరలకు వంకలు పెట్టేది. ఆవిడ బయట ఉండే ఆ కాస్సేపూ సుభాషిణి వంటింటి గుమ్మంలో కాళ్ళు చాపుకుని రేడియో వినేది. ఇంట్లో అందరికీ ఆ ఏర్పాటు బాగానే ఉండేది.

కాలు విరగలేదు, మడమ బెణికింది. కట్టు కట్టారు, తగ్గింది. కానీ చీకట్లో మళ్ళీ ఆ కాలువ దాటనంది మహలక్ష్మమ్మ.

"టార్చిలైటు కొనిస్తానమ్మా" అన్నాడు కొడుకు శేషగిరి.

"ఒక చేత్తో లైటు, ఒక చేత్తో గవ్వలు. కుచ్చెళ్ళు నువ్వొచ్చి పట్టుకుంటావట్రా?"

"నేను చెయ్యి పట్టుకుని దిగబెడతాను అత్తయ్యా" అంది సుభాషిణి.

"నన్ను చెయ్యి పట్టుకు నడిపించే రోజు వస్తే కబురు చేస్తాలే."

పోనీ పగలు ఆడుకోమంటే, పగలాడేది జూదం, సాయంత్రం ఆడేది కాలక్షేపం అంది. పోనీ రత్నమాంబనే ఇక్కడికి రమ్మందామంటే, ఆవిడకు పట్టపగలే చూపు ఆనదు.

అంచేత మహలక్ష్మమ్మ సాయంత్రాలు వంటింట్లోకి మారాయి. పొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చుని, "ఆవాలు చిటపటమనకుండానే కరివేపాకు వేశావేమే" అనీ, "బెండకాయ అంత లావుగా తరిగితే అది కూర కాదు, పేర్చిన కట్టెలు" అనీ పర్యవేక్షించింది. సుభాషిణి నెల రోజులు భరించింది. తర్వాత మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళింది.

వీధి దీపాలు చూసే ఏఈ పేరు గోవర్ధన్. మర్యాదస్తుడు. కుర్చీ చూపించి, అర్జీ పూర్తిగా చదివాడు.

"మీ సమస్య మా దృష్టికి వచ్చిందమ్మా."

"ఎప్పుడు బాగుచేస్తారండీ?"

"వచ్చింది అంటున్నాను కదా. ఇన్నాళ్ళూ రాలేదు. ఇప్పుడొచ్చింది. ఇది మొదటి దశ."

రెండోసారి వెళితే సానుకూలంగా పరిశీలిస్తున్నామన్నాడు. మూడోసారి వెళితే పరిశీలన సానుకూలంగా ముగిసిందనీ, అయితే ఈ ఏడాది వీధి దీపాల పద్దు కింద బల్బు అన్న మాట లేదనీ, స్తంభాలు మాత్రమే ఉన్నాయనీ చెప్పాడు.

"స్తంభం ఉందండీ మాకు."

"మరింకేం. మీరు సగం లబ్ధిదారులు."

మార్గశిర మాసం వచ్చేసరికి మహలక్ష్మమ్మ వంకలు తగ్గాయి. సుభాషిణి మొదట సంతోషించింది. తర్వాత గమనించింది, ఆవిడ పీట మీద కూర్చుంటోంది గానీ పొయ్యి వైపు చూడటం లేదు. గవ్వల సంచీ దేవుడి గూట్లో పసుపు డబ్బా వెనక్కి చేరింది. ఒకనాడు గుత్తి వంకాయలో పొరపాటున ఉప్పు రెండుసార్లు పడింది. శేషగిరి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. మహలక్ష్మమ్మ మాత్రం తలొంచుకుని తినేసి, చెయ్యి కడుక్కుని వెళ్ళి పడుకుంది. మర్నాడు సుభాషిణి కావాలనే చారులో చింతపండు రెట్టింపు పిసికింది. ఆవిడ ఏమీ అనలేదు.

ఆ సాయంత్రం సుభాషిణికి రేడియో పెట్టబుద్ధి కాలేదు.

ఈలోగా ప్రభుత్వం వారు 'అంతరించనివ్వం' అనే పథకం ప్రకటించారు. ప్రతి పట్టణమూ అంతరించిపోతున్నదాన్ని ఒకదాన్ని దత్తత తీసుకుని మార్చి నెలాఖరులోగా రక్షించాలి. పక్క పట్టణం వాళ్ళు పిచ్చుకల్ని తీసుకున్నారు. ఆ పక్కవాళ్ళు తోలుబొమ్మలాటను పట్టుకుపోయారు. గంటలపేటకు సహజంగా చెరువు రావాలి. ఊళ్ళో అంతరించిపోతున్నది అదే. కానీ చెరువును రక్షించాలంటే అందులో కట్టిన ఇళ్ళు తియ్యాలి. ఆ ఇళ్ళలో కౌన్సిలు సభ్యులు కాపురముంటున్నారు. కౌన్సిలు సమావేశంలో చెరువు ప్రస్తావన రాగానే అందరూ కిటికీలోంచి బయటికి చూశారు.

అప్పుడే పత్రికలో వార్త పడింది. ఆరుద్ర నక్షత్రం కాంతి తగ్గుతోంది, వయసు మీరింది, అంత్యదశలో ఉంది అని.

కమిషనర్ విశ్వంభరం గారు ఆ పత్రిక చేత్తో పట్టుకుని లేచారు. "గౌరవ సభ్యులారా, ఇది మన పట్టణానికి దక్కిన అపూర్వ అవకాశం. నక్షత్రం అంతరించిపోతోందనడానికి ఆధారం ఉంది. దాన్ని ఎవరూ దత్తత తీసుకోలేదు. అన్నిటికంటే ముఖ్యంగా, దాన్ని ఎవరూ ఆక్రమించలేదు" అన్నారు.

తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. ఊళ్ళో వెలుగుకు సంబంధించిన అధికారి ఒక్కరే కాబట్టి ఏఈ గోవర్ధన్‌ను ఆరుద్ర పరిరక్షణ నోడల్ అధికారిగా వేశారు.

సంక్రాంతి అయ్యాక సుభాషిణి నాలుగోసారి వెళ్ళేసరికి ఆయన గది వాకిలికి కొత్త బోర్డుంది. లోపల గోడకు ఆకాశం పటం వేలాడుతోంది.

"మా బల్బు సంగతి..." అంది.

"అమ్మా, మీరు చిన్నగా ఆలోచిస్తున్నారు" అన్నాడు ఏఈ, బాధగా. "ఒక నక్షత్రమే ఆరిపోతుంటే బల్బు గురించి మాట్లాడుకునే సమయమా ఇది? యుద్ధ ప్రాతిపదికన పనిచేస్తున్నాం. ఆరుద్ర దరఖాస్తు ఇప్పుడే నింపాం. తండ్రి పేరు దగ్గర ఆగింది."

దరఖాస్తుకు జత చేయాల్సినవాటిలో ముఖ్యమైనది జీవన ధ్రువపత్రం. పింఛనుదారులు ఏటా ఇచ్చేదే. బతికున్నామని అధికారి ఎదుట నిలబడి సంతకం చేయించుకోవాలి. నక్షత్రాన్ని ఆఫీసుకు రప్పించే వీలు లేదు కాబట్టి, మంచాన పడ్డవాళ్ళ దగ్గరికి అధికారి వెళ్ళే నిబంధన కింద కమిషనర్ గారే వెళ్ళి చూసి సంతకం పెట్టాలని తేలింది. అయితే ఆఫీసు డాబా ఎక్కితే ఫోకస్ లైట్ల వెలుగులో చుక్క ఒక్కటీ కనబడలేదు. బస్టాండు దగ్గర చూశారు. సినిమా హాలు వెనక చూశారు. చివరికి ఏఈ తన ఫైళ్ళు తిరగేసి, పట్టణంలో అత్యంత చీకటి ప్రదేశం నూనెగానుగ సందు అని నివేదించాడు.

"ఇంత నాణ్యమైన చీకటి మనకు మరెక్కడా లేదు సార్. మా విభాగం నాలుగు నెలలుగా చెదరకుండా కాపాడుకొస్తోంది."

మర్నాడు సాయంత్రం కమిషనర్ గారు శాలువా కప్పుకుని సిబ్బందితో వచ్చారు. కారు లైట్లు ఆర్పించారు. మహలక్ష్మమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. సుభాషిణి పక్కన నిలబడింది. కమిషనర్ గారు తూర్పు వైపు తిరిగి, మేడల మీదుగా ఎర్రగా మెరుస్తున్నదాన్ని చూసి చేతులు జోడించారు.

"దివ్యంగా ఉంది. కాస్త నీరసించినట్టుంది గానీ, ప్రాణం ఉంది."

పెన్ను తీసి సంతకం పెట్టారు. సిబ్బంది చప్పట్లు కొట్టారు.

"అది సెల్‌ఫోను టవరు నాయనా" అంది మహలక్ష్మమ్మ. "ఆరుద్ర ఆ పైన ఉంది. కాస్త మెడ ఎత్తాలి."

చప్పట్లు ఆగిపోయాయి. ఏఈ దగ్గరికి వచ్చి, "మామ్మగారూ, మీకెలా తెలుసు?" అన్నాడు.

"నా జన్మ నక్షత్రమయ్యా. ఇన్నేళ్ళుగా గుళ్ళో పూజారితో చెప్పి అర్చన చేయించుకుంటున్నాను. ఎక్కడుందో తెలీకుండా చేయించుకుంటానా?"

ధ్రువపత్రం చింపలేదు. సంతకమైపోయిన పత్రం చింపే అధికారం కమిషనర్‌కు కూడా లేదు. టవరు బతికి ఉన్నట్టుగా అది ఫైల్లో ఉండిపోయింది. కొత్తది రాశారు. అదే కాగితం మీద ఏఈ ఇంకో మాట కలిపాడు. పథకానికి లబ్ధిదారు కావాలి. లబ్ధిదారు: మహలక్ష్మమ్మ, ఆరుద్ర జాతకురాలు.

ఆ వారమే నూనెగానుగ సందును నక్షత్ర దర్శన రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. స్తంభానికి నిచ్చెన వేసి మనిషి ఎక్కడం చూసి సుభాషిణి చేతిలో జల్లెడ కింద పడేసి బయటికి పరిగెత్తింది. అతను ఉన్న హోల్డరు విప్పుకుని దిగాడు.

"అదేమిటండీ!"

"పొరపాటున ఎవరైనా బల్బు పెట్టే ప్రమాదం ఉందమ్మా" అన్నాడు నిచ్చెన పక్కన నిలబడ్డ ఏఈ. "ఈ సందులో ఇకమీదట దీపం నేరం. మీరు మూడు నెలలుగా అడుగుతున్నారు కదా, మీ సందుకు ఏమీ చెయ్యడం లేదని. ఇదిగో, చేశాం."

సందు మొదట్లో పెద్ద బోర్డు పాతారు. 'ఇచ్చట చీకటి సంరక్షించబడుచున్నది.' చీకట్లో అది కనబడక జనం దాన్ని గుద్దుకునేవారు. పొద్దుపోయాక ఇళ్ళలో దీపాలు కూడా ఆర్పాలని చాటింపు వేశారు. అవి ఆర్పారో లేదో చూడటానికి ఒక స్క్వాడు వచ్చేది. మొదటి సాయంత్రమే స్క్వాడులో ఇద్దరు కాలువలో పడ్డారు. మర్నాటి నుంచి వాళ్ళు సందు మొదట్లోనే నిలబడి, "లైట్లు ఆర్పారా?" అని కేకేసి వెళ్ళేవారు.

సుభాషిణి పోపు చెవితో వేయడం నేర్చుకుంది. చిటపట ఆగితే ఆవాలు వేగినట్టు, ఘాటు తగిలితే మిరపకాయ మాడినట్టు. శేషగిరి దుప్పటి ముసుగేసుకుని సెల్‌ఫోను వెలుగులో పేపరు చదువుకుంటూ, తన ఇంట్లో తాను దొంగలా దొర్లేవాడు.

"ఆఫీసులో అందరూ మనల్ని అదృష్టవంతులంటున్నారు" అన్నాడు ఒకరోజు దుప్పటి లోంచి. "సందుకి గుర్తింపు వచ్చిందట."

"మీ అమ్మ ఇవాళ మజ్జిగ ఒక్కటే తాగింది" అంది సుభాషిణి.

దుప్పటి లోపల వెలుగు ఆరిపోయింది. "ఏమంది?"

"ఏమీ అనలేదు. అదే చెబుతున్నా."

ఫిబ్రవరిలో ప్రజలకు అవగాహన కల్పించడానికి సందులోనే సభ పెట్టారు. బాలికల హైస్కూలు సైన్సు టీచరు జమీలా గారిని మాట్లాడమన్నారు. ఆవిడ చీకట్లో నిలబడి నిదానంగా చెప్పింది. వయసు మీరిన నక్షత్రం ఎర్రబడుతుంది, మిణుకుమిణుకుమంటుంది, చివరికి ఆరిపోతుంది. ఆరుద్ర చాలా దూరంలో ఉంది. అక్కడి వెలుగు మన దగ్గరికి రావడానికి అయిదారు వందల ఏళ్ళు పడుతుంది. మనం ఇప్పుడు చూస్తున్నది ఎప్పటిదో పాత వెలుగు. నిజానికి అది ఇప్పటికే ఆరిపోయి ఉండవచ్చు. ఆ సంగతి మనకింకా తెలియదు, అంతే.

సభలో కలకలం రేగింది. కమిషనర్ గారు మైకు అందుకున్నారు. "టీచరుగారు చెప్పినదాన్ని బట్టి మనకు అందుతున్న వెలుగు పాత బకాయి అని అర్థమవుతోంది. ఇందులో ఆందోళన పడాల్సింది లేదు. మన దగ్గర పాత బకాయిలు అందుకోవడానికి అంతకంటే ఎక్కువ కాలం పట్టిన ఉద్యోగులున్నారు."

"మనం ఇక్కడ ఏం చేసినా దానికి తెలియదు సార్" అంది జమీలా టీచరు.

"దానికి తెలియాలని మార్గదర్శకాల్లో ఎక్కడా లేదమ్మా. పైవాళ్ళకు తెలిస్తే చాలు."

పైవాళ్ళకు తెలిసే రోజు దగ్గరపడింది. మార్చి చివర్లో తనిఖీకి అధికారి వస్తున్నారని కబురొచ్చింది. పిచ్చుకల ఊళ్ళో పిచ్చుకలు పెరిగాయట. తోలుబొమ్మల ఊళ్ళో కొత్త బొమ్మలు చేశారట. తనిఖీ పత్రంలో మూడు ఫోటోలు అంటించాలి. రక్షణకు ముందు, రక్షణకు తర్వాత, లబ్ధిదారు చిరునవ్వుతో. ఏఈ గోవర్ధన్ రోజూ సాయంత్రం సందులోకి వచ్చి, మెడ ఎత్తి, ఆరుద్రను చూసి నిట్టూర్చేవాడు. ముందు ఫోటోలో ఎర్ర చుక్క. తర్వాత ఫోటోలోనూ ఎర్ర చుక్క. లబ్ధిదారు గుమ్మంలో గోడకు చేరగిలబడి ఎటో చూస్తోంది. చిరునవ్వు సంగతి అడిగే ధైర్యం అతనికి లేకపోయింది.

"కాఫీ తాగండి" అని సుభాషిణి చీకట్లో గ్లాసు అందించింది.

"నన్ను సస్పెండు చేస్తారమ్మా" అన్నాడతను గ్లాసు వెతుక్కుంటూ. "రక్షించామని రాయడానికి ఒక్క నక్షత్రమైనా చూపించాలి కదా. ఇదేమో మన మాట వినే రకం కాదు."

సుభాషిణి ఆ మాట పట్టుకుని ఇంట్లోకి వెళ్ళింది. అయిదు నెలలుగా తను బల్బు కావాలని బల్బు అనే రాస్తోంది. తప్పు అక్కడే ఉందని ఆమెకు అప్పుడు తోచింది.

మర్నాడు అర్జీ తీసుకుని వెళ్ళింది. ఏఈ చదివాడు. 'విషయం: మా సందులో ఆరిపోయిన నక్షత్రం గురించి.'

"ఇది ఆ స్తంభం మీది బల్బు కదమ్మా."

"స్తంభం మీదుందని మీరంటున్నారు. మేం కింద నుంచి చూసేవాళ్ళం. సాయంత్రం వచ్చేది, తెల్లారితే పోయేది."

"అంతమాత్రాన..."

"మొదట తెల్లగా ఉండేది. తర్వాత ఎర్రబడింది. తర్వాత మిణుకు మిణుకుమంది. తర్వాత ఆరిపోయింది. జమీలా టీచరుగారు చెప్పిన అంత్యదశ లక్షణాలన్నీ ఉన్నాయి."

ఏఈ పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టాడు. "దూరం కూడా చూడాలమ్మా. నక్షత్రమంటే చాలా దూరంలో ఉండాలి."

"అయిదు నెలల నుంచి పిలుస్తుంటే మీ వాళ్ళెవరూ దాని దగ్గరికి చేరలేకపోయారు. ఇంతకంటే దూరం ఏముంటుంది సార్?"

గోవర్ధన్ లేచి గోడ మీది ఆకాశం పటం ముందు కాసేపు నిలబడ్డాడు. తర్వాత పెన్ను తీసి, ఆరుద్ర పక్కన ఖాళీగా ఉన్న చోట చిన్న చుక్క పెట్టాడు.

"ఉప ఆరుద్ర అందాం" అన్నాడు.

ఆ తర్వాత పనులు ఎంత వేగంగా జరిగాయంటే సందులోవాళ్ళు భయపడ్డారు. నిచ్చెన వచ్చింది. హోల్డరు వచ్చింది. బల్బు వద్దనే నిబంధన బల్బులకే వర్తిస్తుందనీ, ఇది నక్షత్ర పునరుజ్జీవనమనీ కమిషనర్ గారు స్పష్టత ఇచ్చారు. చిన్న బల్బు పెడితే పునరుజ్జీవనం సమగ్రంగా ఉండదని క్రీడా మైదానం నుంచి పెద్ద దీపం విప్పి తెచ్చారు. ఆటలు పగలే ఆడుకోవచ్చన్నారు.

తనిఖీ అధికారి వచ్చిన సాయంత్రం సందంతా శుభ్రంగా ఊడ్చి ముగ్గు వేశారు. ఆయన మీట నొక్కాడు. సందు తెల్లగా వెలిగిపోయింది. గోడల మీద పాత సినిమా పోస్టర్లూ, ఆరేసిన చీరలూ, కాలువా, కాలువ పక్కన పడుకున్న కుక్కా, అన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి. జనం చేతులు కళ్ళకు అడ్డం పెట్టుకున్నారు.

"ఇందులో ఆరుద్ర ఏది?" అన్నాడు అధికారి.

ఏఈ, కమిషనరు, సిబ్బంది, అందరూ వేళ్ళు పైకెత్తారు. పైన ఆ దీపం తప్ప మరో చుక్క కనబడే అవకాశం లేదు.

"అద్భుతం. అంత్యదశలో ఉందంటే నమ్మలేకపోతున్నాను."

"ఇది మా సమష్టి కృషి ఫలితం సార్" అన్నారు కమిషనర్ గారు.

లబ్ధిదారును పిలిచారు. మహలక్ష్మమ్మ లేచింది. ఎవరి వైపూ చూడకుండా లోపలికి వెళ్ళింది. దేవుడి గూట్లో పసుపు డబ్బా జరిగిన చప్పుడు సుభాషిణికి వినిపించింది. ఆవిడ గవ్వల సంచీ నడుముకు దోపుకుంటూ బయటికి వచ్చింది.

"అమ్మా, నక్షత్రాన్ని రక్షించడం వల్ల మీకు కలిగిన మేలేమిటి?" అన్నాడు అధికారి.

"కాలువ కనిపిస్తోంది బాబూ. తప్పుకో, దాటాలి."

'లబ్ధిదారు దృష్టి మెరుగుపడినది' అని ఆయన రాసుకున్నాడు. ఫోటో తీసేవాడు చిరునవ్వు కోసం ఎదురుగా పరిగెత్తాడు గానీ, ఆవిడ అప్పటికే కాలువ దాటేసింది. ఫోటోలో వీపు పడింది. ఆ వీపు చాలా సంతోషంగా ఉందని కింద రాశారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మహలక్ష్మమ్మ దొండకాయ ముక్క నోట్లో వేసుకుని ఆగింది.

"ఏమే, ఇందులో నూనె పోశావా, చూపించి పక్కన పెట్టావా?"

శేషగిరి తలొంచుకుని నవ్వాడు. సుభాషిణి నూనె గిన్నె తేవడానికి వంటింట్లోకి వెళ్ళి, కాస్త ఆలస్యంగా వచ్చింది.

గంటలపేటకు రాష్ట్రస్థాయి జ్ఞాపిక వచ్చింది. రక్షిత ప్రాంతపు బోర్డు తీసేశారు. ఉగాది వెళ్ళింది. రోజూ సాయంత్రం సందు చివర నుంచి, "గవ్వ తిప్పావు, నేను చూశాను" అని ఒక గొంతూ, "నీ కళ్ళు చూశాయి, నా చెయ్యి తిప్పలేదు" అని ఇంకో గొంతూ వినపడేవి. సుభాషిణి గుమ్మంలో కాళ్ళు చాపుకుని రేడియో పెట్టుకునేది. వెలుగు ఎక్కువై కోళ్ళు వేళాపాళా లేకుండా కూస్తున్నాయని పక్కింటివాళ్ళు సణిగారు గానీ, ఎవరూ అర్జీ పెట్టలేదు.

ఒకరోజు అది ఎర్రబడింది. మిణుకుమిణుకుమంది. ఆరిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం సుభాషిణి ఆఫీసుకు వెళ్ళేసరికి గోవర్ధన్ బల్ల మీద జ్ఞాపిక మెరుస్తోంది. ఆయన ఏఈగా ఉండగానే ఇన్‌చార్జి డీఈ అయ్యాడు. కుర్చీ మారింది.

"ఆరిపోయిందండీ" అంది సుభాషిణి.

"ఏదమ్మా?"

"మీరు రక్షించిందే."

ఆయన ఫైలు తెప్పించాడు. చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మా రికార్డు ప్రకారం వెలుగుతోందమ్మా."

"నిన్న సాయంత్రం నా కళ్ళ ముందు పోయింది."

"మీ కళ్ళ ముందు పోయి ఉండొచ్చు. కానీ అది నక్షత్రం కదా. మీరే రాసిచ్చారు." ఆయన గొంతులో నిజమైన గౌరవం ఉంది. "నక్షత్రం ఆరిపోయిన సంగతి భూమ్మీదికి చేరడానికి అయిదారు వందల ఏళ్ళు పడుతుందని టీచరుగారు సభాముఖంగా చెప్పారు. అది మినిట్సులో ఉంది. మాకు సమాచారం అందగానే చర్య తీసుకుంటాం."

"అందాకా?"

"అందాకా వెలుగుతున్నట్టే."

సుభాషిణి కొంగు దులుపుకుని లేచింది. మళ్ళీ కూర్చుంది.

"వెలుగుతోందని కాగితం మీద రాసివ్వండి."

ఏదైనా లేదనో, కాదనో రాసివ్వమంటే ఆయనకు కష్టమయ్యేది గానీ, ఉందని రాసివ్వడం ఆయనకు ఇష్టమైన పని. ఉప ఆరుద్ర జీవించి ఉన్నదనీ, దేదీప్యమానంగా ప్రకాశించుచున్నదనీ, ఈ విషయం తాను స్వయంగా ధ్రువీకరించుచున్నాననీ రాసి, ముద్ర వేసి ఇచ్చాడు.

అక్కణ్ణుంచి బజారు పని చూసుకుని సుభాషిణి ఇంటికి వచ్చేసరికి పొద్దుగూకింది. సందులో చీకటి పాతచోటే కూర్చుని ఉంది. మహలక్ష్మమ్మ చెప్పులేసుకుని, సంచీ దోపుకుని గుమ్మంలో నిలబడి ఉంది. సందు చివర నుంచి రత్నమాంబ దగ్గు వినిపిస్తోంది. ఆట ఆలస్యమైనప్పుడే ఆవిడ అలా దగ్గుతుంది.

"ఏమన్నారే?"

"వెలుగుతోందన్నారు అత్తయ్యా. కాగితం కూడా ఇచ్చారు."

మహలక్ష్మమ్మ స్తంభం వైపు చూసింది. అక్కడ నల్లటి మూకుడులాంటి దీపం తప్ప ఏమీ లేదు. ఆవిడ ఇంకాస్త మెడ ఎత్తింది. పడమటి వైపు, మేడలకు కొంచెం పైన, చిన్న ఎర్ర చుక్క కనబడింది.

"అది ఉందిలే" అంది.

ఉందని సుభాషిణి కూడా అంది. ఇద్దరూ కాసేపు దాన్ని చూశారు. దాని వెలుగు కాలువ దాకా రావడం లేదు. సుభాషిణి అత్తగారి ముఖం చూడలేక చూస్తోంది. ఇప్పుడు చెప్పులు విప్పేస్తుందా, సంచీ మళ్ళీ పసుపు డబ్బా వెనక్కి వెళుతుందా అని.

రత్నమాంబ మళ్ళీ దగ్గింది.

మహలక్ష్మమ్మ కుచ్చెళ్ళు రెండు చేతులా ఎత్తి పట్టుకుంది.

"ఏదీ, ఆ కాగితం పైకెత్తి పట్టుకుని నువ్వు ముందు నడువు" అంది. "వెలుగుతోందన్నారుగా."